చింతగింజలూ, ఎఫ్ కార్డూ

 ఆదివారం ఉదయం కదా, మీలో కొందరు దోశెల పెనం ముందు నిలబడి ఉంటారు, కొందరు పిల్లల్ని ఏదో క్లాసులో దింపి కార్లో కూర్చుని ఉంటారు. ఎక్కడున్నా సరే, ఓ పావుగంట ఒక చెవి ఇటు వేసి ఉంచండి.

ఈ కార్యక్రమం నడిపే మిత్రులు ఫోన్ చేసి, "మీకు బాగా వచ్చిన విషయం ఏదైనా మాట్లాడండి" అన్నారు. నాకు బాగా వచ్చిందల్లా కంపెనీల పాత డేటాబేసుల్ని కొత్త చోటికి తరలించడం. పధ్నాలుగేళ్ళుగా అదే పని. దాని గురించి మొదలుపెడితే మీరు రెండో నిమిషంలో స్టేషన్ మార్చేస్తారు. అందుకని, నాకు సరిగ్గా రాని విషయం గురించి మాట్లాడతానండీ అన్నాను. వాళ్ళు కాస్త ఆలోచించి సరే అన్నారు. ఆ రాని విషయం గిటారు.

నా వయసు 38. గిటారు పట్టుకున్నది 36వ ఏట. మొదటిసారి అడిగింది మాత్రం 15వ ఏట. మాది భీమవరం. మా వీధి చివర చర్చి ఉండేది, అందులో నాతో చదువుకున్న కుర్రాడొకడు ఆదివారాలు గిటారు వాయించేవాడు. గోదావరి, కృష్ణా జిల్లాల్లో పెరిగినవాళ్ళకి తెలుసు, ఆ రోజుల్లో గిటారుని దగ్గరగా చూడాలంటే చర్చికి వెళ్ళాలి, లేదా పెళ్ళికి ఆర్కెస్ట్రా పెట్టిన పందిట్లో ముందు వరసలో కూర్చోవాలి. 2002లో ఇంటర్ మొదటి సంవత్సరం, విజయవాడలో హాస్టల్లో ఉన్నాను. దసరా సెలవులకి ఇంటికొచ్చి మా నాన్నగారిని అడిగాను. ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారు. కోప్పడలేదు, ఎగతాళీ చెయ్యలేదు. "ఎంసెట్ అయ్యాక చూద్దాంలేరా" అన్నారు.

మన ఇళ్ళలో 'అయ్యాక' అనే మాటకి అర్థం ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. ఎంసెట్ అయింది. ఇంజనీరింగ్ అయింది. జీఆర్ఈ అయింది. 2009లో ఎమ్మెస్‌కని విమానం ఎక్కేశాను. ఆ మాట మళ్ళీ ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆయన మర్చిపోయారనే అనుకున్నాను.

2022 సెప్టెంబరులో ఎడిసన్‌లో మా వెనక వీధిలో గరాజ్ సేల్ పెట్టారు. మా అమ్మాయికి సైకిలు చూద్దామని వెళ్ళి, 40 డాలర్లకి గిటారు తెచ్చాను. మా ఆవిడ దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, "సైకిలేది?" అంది. అది కోట్ల అల్మరాలో నాలుగు నెలలు నిలబడింది. జనవరిలో నేను చేస్తున్న ప్రాజెక్టు ఉన్నట్టుండి ఆగిపోయి, బెంచి మీద కూర్చోవాల్సొచ్చింది. హెచ్-1 మీద ఉన్న కన్సల్టెంటు బెంచి మీద కూర్చుంటే ఇంట్లో రాత్రిళ్ళు ఎలా ఉంటాయో ఈ రేడియో వింటున్న సగం ఇళ్ళకి తెలుసు. రోజంతా ఫోను చూసుకుంటూ కూర్చోలేక, చేతులకి ఏదో ఒక పని కావాలని దాన్ని బయటికి తీశాను. అంతకు మించి గొప్ప కారణం ఏమీ లేదు.

గిటారు తెలియనివారి కోసం కాస్త చెబుతాను. ఆరు తీగలు. మన వీణకి ఉన్నట్టే మెట్లుంటాయి, కాకపోతే వీణ మెట్లు మైనం మీద నిలబెడతారు, ఇక్కడ చెక్కలోకి దిగ్గొట్టిన లోహపు కమ్మీలు. ఆ మెట్ల మధ్య దూరం పైనుంచి కిందికి తగ్గుతూ వస్తుంది. 12వ మెట్టు దగ్గరికి వచ్చేసరికి తీగ సరిగ్గా సగమవుతుంది, స్వరం పై స్థాయికి వెళుతుంది. ఒక్కో మెట్టుకి తీగ కంపించే వేగం సుమారు 1.059 రెట్లు పెరుగుతుంది, పన్నెండు సార్లు హెచ్చవేస్తే 2 వస్తుంది. లెక్కల మాస్టారి కొడుకుని కదా, మొదటి వారం గిటారు వాయించింది తక్కువ, టేపు పెట్టి కొలిచింది ఎక్కువ.

ఎడమచేతి వేళ్ళతో తీగల్ని మెట్ల దగ్గర అదిమి, కుడిచేత్తో మీటాలి. మూడు నాలుగు స్వరాల్ని ఒక్కసారిగా మోగిస్తే దాన్ని కార్డ్ అంటారు. వినడానికి సులువుగానే ఉంటుంది. ఉక్కు తీగలు, అన్నీ కలిపి మెడ మీద సుమారు 70 కిలోల బరువుతో లాగుతుంటాయి. పదిహేను నిమిషాలయ్యేసరికి వేళ్ళ చివర్లు మండిపోయి, ఆ పూట అన్నం కలుపుకుంటే కూరలో కారం నేరుగా తగిలింది. నేను కుడిచేత్తోనే కలుపుకుంటాను, అయినా కంచం పట్టుకోవాలి కదా!

అన్నట్టు, ఆ 70 కిలోల బరువుకి పలచటి చెక్క పెట్టె ఎందుకు విరిగిపోదా అని మీకు సందేహం వస్తే, ఒకసారి పెన్సిల్వేనియాలో నజరెత్ వెళ్ళండి. ఎడిసన్ నుంచి గంటన్నర కూడా పట్టదు. మార్టిన్ కంపెనీవాళ్ళు 1830ల నుంచి గిటార్లు చేస్తున్నారు, ఫ్యాక్టరీతోపాటు మ్యూజియం కూడా ఉంది. పెట్టె లోపల ఇంటూ గుర్తులా వేసిన చెక్క బద్దల్ని చూపిస్తారు. పిల్లలకి బాగా నచ్చుతుంది. పెద్దలు జేబు జాగ్రత్త చూసుకోవాలి, బయటికొచ్చే దారిలో కొట్టు ఉంది.

నెలరోజులు ఎంత అదిమినా నా గిటారు ఠప్ ఠప్‌మని చెక్క చప్పుడే చేసింది. ఈ వయసులో మన వేళ్ళు వంగవులే అని నిర్ధారించుకుని, అమ్మేద్దామని సంగీత వాయిద్యాల కొట్టుకి తీసుకెళ్ళాను. అక్కడ మరమ్మతులు చేసే పెద్దాయన కంటికెదురుగా పెట్టుకుని మెడ పొడుగునా చూసి, నీ వేళ్ళ తప్పు సగమే, మిగతా సగం దీనిదే అన్నాడు. తీగలు మెట్లకి మరీ ఎత్తులో ఉన్నాయట. మెడ లోపల ఉక్కు చువ్వ ఉంటుంది, దాన్ని కాస్త తిప్పి, కింద తీగలు ఆనే ఎముక కమ్మీని అరగదీసి, సన్న తీగలు వేసిచ్చాడు. గిటారు కంటే మరమ్మతుకి ఎక్కువైంది. అయితేనేం, ఇంటికొచ్చి అదే కార్డ్ పడితే మోగింది! మీలో ఎవరింట్లోనైనా పిల్లలు రెండు నెలలు గోకి వదిలేసిన గిటారుంటే, పిల్లల్ని తిట్టేముందు ఒకసారి దాన్ని చూపించండి. చలికాలం హీటర్ల గాలికి చెక్క ఎండిపోయి కూడా పాడవుతుంది.

మా అమ్మాయి పియానో నేర్చుకునే బడిలోనే వారానికి అరగంట నేనూ చేరాను. మా టీచరుకి 23 ఏళ్ళు. ఆఫీసులో నేను ఆ వయసువాళ్ళ పనిలో తప్పులు పట్టే మనిషిని. ఇక్కడ ఆయన నా బొటనవేలు ఎక్కడుండాలో పదిసార్లు చెబుతాడు, పదకొండోసారి కూడా అది అక్కడ ఉండదు. పెద్దవాళ్ళకి కొత్త విద్య రాకపోవడానికి వేళ్ళు బిగుసుకుపోవడం ఒక్కటే కారణం కాదని నా అనుభవం. తప్పు చేస్తూ ఎదుటివాళ్ళ కంట పడే అలవాటు మనకి తప్పిపోతుంది. ఉద్యోగంలో మనకి రాని పని మన దగ్గరికి రాకుండా చూసుకోవడం నేర్చేసి ఉంటాం.

టీచరు కాక నాకు బాగా పనికొచ్చింది జస్టిన్ శాండర్కో అనే ఆయన పాఠాలు. ఆస్ట్రేలియాలో టాస్మానియాలో పుట్టిన మనిషి, 2003 నుంచి ఇంటర్నెట్‌లో ఉచితంగా గిటారు చెబుతున్నాడు. ఆయన చెప్పే అభ్యాసం ఒకటుంది. రెండు కార్డులు తీసుకుని, గడియారం పెట్టుకుని, ఒక్క నిమిషంలో ఒకదాన్నుంచి ఇంకోదానికి ఎన్నిసార్లు మారగలరో లెక్కపెట్టుకోవాలి. అరవై దాకా వెళితే పాటకి పనికొస్తుంది. మొదటి రోజు నా లెక్క 6.

ఇంతవరకూ ఇది మామూలు సరదా కథ. 2023 ఏప్రిల్లో మా చెల్లెలు హైదరాబాద్ నుంచి ఫోన్ చేసింది. నాన్నగారికి పక్షవాతం వచ్చింది. పొద్దున్నే కాఫీ గ్లాసు ఎడమచేతిలోంచి జారిపోయిందట, నిద్రమత్తు అనుకున్నారట. మాట తడబడ్డాక గానీ అమ్మకి అర్థం కాలేదు. (మీ అమ్మానాన్నలకి చెప్పి ఉంచండి. మూతి ఒక పక్కకి లాగడం, చెయ్యి జారడం, మాట ముద్దగా రావడం, ఈ మూడింట్లో ఏది హఠాత్తుగా కనిపించినా పడుకుంటే తగ్గుతుందనుకోకూడదు, గంటలు లెక్క.) మెదడు కుడివైపు రక్తనాళంలో గడ్డ. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పట్టు తప్పాయి. ఆయనకి 68 ఏళ్ళు.

నేను వెళ్ళలేదు. ఈ మాట రేడియోలో చెప్పాలా వద్దా అని చాలా ఆలోచించాను. బెంచి మీంచి లేచి కొత్త ప్రాజెక్టులో చేరి మూడు వారాలే అయింది. పాస్‌పోర్టులో వీసా స్టాంపు ఎప్పుడో అయిపోయింది. వెళితే స్టాంపింగు అయి తిరిగి ఎప్పుడొస్తానో చెప్పలేని పరిస్థితి. మా చెల్లెలు, బావగారు ఆసుపత్రిలో అన్నీ చూసుకున్నారు. నాన్నగారే ఫోన్లో, ముద్దగా, "రావద్దురా" అన్నారు. రావద్దన్నారు కాబట్టి ఆగానా, ఆగాలని ఉంది కాబట్టి ఆ మాట పట్టుకున్నానా అన్నది ఇప్పటికీ నాకు తేలలేదు.

ఇంటికొచ్చాక ఫిజియోథెరపీ మొదలైంది. కర్ర పట్టుకుని నడక నెల రోజుల్లో వచ్చింది. చెయ్యి రాలేదు. ఇంటికొచ్చే ఫిజియో కుర్రాడు పళ్ళెంలో చింతగింజలు పోసి, ఎడమచేతి వేళ్ళతో ఒక్కోటి తీసి గ్లాసులో వెయ్యమన్నాడు. ముప్ఫై అయిదేళ్ళు పదో తరగతికి లెక్కలు చెప్పిన మనిషి. రెండు రోజులు చేసి పళ్ళెం పక్కకి తోసేశారు. అమ్మ ఫోన్లో, "చెయ్యనంటున్నార్రా. నన్ను మళ్ళీ ఒకటో తరగతిలో కూర్చోబెడతారా అంటున్నారు. నువ్వైనా చెప్పు" అంది. నేను చెప్పాను. డాక్టరు చెప్పినట్టు చెయ్యాలండీ, ఓపిక పట్టాలండీ అని, ఎనిమిదివేల మైళ్ళ దూరం నుంచి ఉపన్యాసం ఇచ్చాను. ఆయన "ఊఁ" అని ఫోన్ అమ్మకిచ్చేశారు.

గిటారు సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. తండ్రి మంచంలో ఉంటే కొడుకు గిటారు నేర్చుకుంటున్నాడంటే బావుండదు కదా. ఒకరోజు పొద్దున్న ఏడున్నరకి సాధన చేస్తుండగా వీడియో కాల్ వచ్చింది. ఆదమరుపుగా ఎత్తేశాను. ఒళ్ళో గిటారు అలాగే ఉంది. అక్కడ సాయంత్రం అయిదు, నాన్నగారు వరండాలో కుర్చీలో ఉన్నారు. కాసేపు మాట్లాడలేదు.

"ఎప్పుడు కొన్నావు?" అన్నారు.

ఏం చెప్పాలో తోచక, "ఎంసెట్ అయ్యాక" అన్నాను.

అన్నాక గుండె గతుక్కుమంది. ఆయన ముఖంలో ఒక పక్క మాత్రమే కదిలింది. ఏడుస్తున్నారేమో అనుకున్నాను, నవ్వుతున్నారు. పక్షవాతం వచ్చాక ఆయన నవ్వగా అదే చూడ్డం. మర్చిపోలేదన్నమాట.

"ఏదీ, వాయించు" అన్నారు. వాయించడానికేముంది! ఎ కార్డ్ నుంచి డి కార్డ్‌కి, డి నుంచి ఎ కి. నిమిషం. 14 సార్లు. "ఇదేనా?" అన్నారు. "ఇదేనండి. నాలుగు నెలలు పట్టింది" అన్నాను. వేళ్ళ చివర కాయలు కాసిన చోటు కెమెరాకి దగ్గరగా పెట్టి చూపించాను. అప్పుడు, ఉపన్యాసంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలనిపించి అడిగాను, "మీరు నిమిషానికి ఎన్ని గింజలు వేస్తున్నారు?" అని. ఆయన లెక్కపెట్టుకోలేదట. లెక్కల మాస్టారు లెక్క పెట్టకపోవడమేమిటి? అమ్మ పళ్ళెం తెచ్చింది, గోడ గడియారం చూసింది. 3.

మర్నాటి నుంచి అదే కార్యక్రమం. ఇక్కడ ఏడున్నర, అక్కడ అయిదు. ముందు నాది ఒక నిమిషం, తర్వాత ఆయనది ఒక నిమిషం, అలా అయిదు విడతలు. ఇంట్లో పాత హాజరుపట్టీ ఒకటుంటే అందులో కుడిచేత్తో గడులు గీసి, ఒక వరసకి గి అనీ, ఇంకో వరసకి చిం అనీ పేరు పెట్టి అంకెలు వేసుకునేవారు.

ఆ రోజుల్లో రాత్రిళ్ళు కూర్చుని దీని గురించి చదివేవాణ్ణి. అలా చదువుతుండగా దొరికిన ఒక సంగతి మీకు చెప్పి తీరాలి. అలబామా విశ్వవిద్యాలయం, బర్మింగ్‌హామ్‌లో ఎడ్వర్డ్ టాబ్ అనే శాస్త్రజ్ఞుడు పక్షవాతం వచ్చినవాళ్ళకి ఒక చికిత్స రూపొందించాడు. బావున్న చేతికి తొడుగు తొడిగేసి, పడిపోయిన చేత్తోనే పనులు చేయిస్తారు, రోజుకి కొన్ని గంటల చొప్పున, వారాల తరబడి. చెయ్యి రాదని మానేసిన కొద్దీ మెదడు ఆ చేతిని మర్చిపోవడం అలవాటు చేసుకుంటుందనీ, వాడించిన కొద్దీ దానికి మళ్ళీ చోటు ఇస్తుందనీ దీని వెనక ఆలోచన. అదే టాబ్, జర్మనీలో కొందరు శాస్త్రజ్ఞులతో కలిసి 1995లో 'సైన్స్' పత్రికలో ఇంకో పరిశోధన వేశాడు. తీగ వాయిద్యాలు వాయించేవాళ్ళు తొమ్మిదిమందిని తీసుకుని, వాళ్ళ మెదడులో ఎడమచేతి వేళ్ళకి ఎంత స్థలం కేటాయింపు ఉందో కొలిచారు. ఆరుగురు వయొలిన్, ఇద్దరు చెల్లో, ఒక్కరు గిటారు. మామూలువాళ్ళ కంటే వీళ్ళకి ఆ స్థలం ఎక్కువ ఉంది. బొటనవేలికి తేడా తక్కువ, కుడిచేతికి అసలు లేదు. అంటే మా నాన్నగారి చింతగింజల వెనకా, నా ఎ, డి కార్డుల వెనకా ఒకే మనిషి పేరుందన్నమాట! అర్ధరాత్రి మా ఆవిణ్ణి లేపి చెప్పాను. "పొద్దున్న చెప్పు" అంది.

అందులోనే నాకు నచ్చని మాట కూడా ఉంది, దాన్ని దాచకూడదు. చిన్నప్పుడు మొదలుపెట్టినవాళ్ళకే ఆ తేడా ఎక్కువ. పెద్దయ్యాక మొదలుపెట్టినవాళ్ళకి కొంతే. నాన్నగారికి చెబితే, "కొంత అంటే సున్నా కాదుగా" అన్నారు. చేతికి తొడుగు వేద్దామా అని ఫిజియో కుర్రాణ్ణి అడిగితే వద్దన్నాడు. కుడిచేత్తో కర్ర పట్టుకునే మనిషికి ఇంట్లో అది ప్రమాదం, పడిపోతే తుంటి విరుగుతుంది. కాబట్టి మీరు కూడా నా మాట విని ఎవరికీ చేతులు కట్టెయ్యకండి, చూసే డాక్టర్నే అడగండి.

జూన్లో మా సంగీతం బడిలో వార్షిక ప్రదర్శన. కార్యక్రమ పత్రంలో నా పేరు తొమ్మిదేళ్ళ అబ్బాయి తర్వాత, ఏడేళ్ళ అమ్మాయి ముందు. వాళ్ళిద్దరూ నదురూ బెదురూ లేకుండా వాయించారు. నేను సగంలో ఒక కార్డ్ తప్పి ఆగిపోయాను. మళ్ళీ మొదట్నుంచి ఎత్తుకున్నాను, అక్కడే మళ్ళీ ఆగాను. అందరూ జాలిగా చప్పట్లు కొట్టారు, జాలి చప్పట్లు వింటే తెలిసిపోతాయి. కార్లో మా అమ్మాయి, "నాన్నా, ఆగకూడదు. తప్పు వచ్చినా కంటిన్యూ చెయ్యాలి. మా టీచర్ ఫస్ట్ డే చెప్తారు" అంది.

ఆ వారంలోనే నాన్నగారు వాయిద్యం, అదే, చింతగింజలు వేస్తుంటే నాకు ఒకటి కనబడింది. గింజ జారి కింద పడితే ఆయన ఆగిపోయి, అదెక్కడ పడిందో వెతుక్కుంటున్నారు. నిమిషంలో సగం వెతుకులాటకే పోతోంది. మా అమ్మాయి నా వెనక నుంచి తల దూర్చి, "తాతా, వెతకద్దు, నెక్స్ట్ గింజ!" అని అరిచింది. ఆ రోజు 5 వేశారు. మర్నాడు 6. తర్వాత నుంచి గింజ జారినప్పుడల్లా ఆయనే "నెక్స్ట్" అనుకునేవారు.

అంతా ఇలా సాఫీగా సాగిందనుకోకండి. ఆగస్టుకి 9 దాకా వచ్చి అక్కడ ఆగిపోయారు. వారాలు గడిచినా 9, 8, 9. నేనూ అంతే. ఎఫ్ అనే కార్డ్ ఉంది, చూపుడువేలిని పడుకోబెట్టి ఆరు తీగల్నీ ఒక్క వేలితో అదమాలి, మిగతా మూడు వేళ్ళు వేరే చోట్ల పెట్టాలి. గిటారు మానేసినవాళ్ళలో చాలామంది ఈ కార్డ్ దగ్గరే మానేస్తారని మా టీచరు అంటాడు. నాకు మణికట్టు నొప్పి తప్ప శబ్దం రాలేదు. సరిగ్గా అప్పుడే మా ప్రాజెక్టు గో-లైవ్ వచ్చింది. పొద్దున్న ఏడింటికే మీటింగులు. రేపు చేస్తాను నాన్నగారూ, రేపు చేస్తాను అంటూ తొమ్మిది రోజులు కాల్ చెయ్యలేదు. పదో రోజు చేస్తే అమ్మ ఎత్తింది. "రోజూ అయిదింటికి పళ్ళెం ముందేసుకుని కూర్చుంటున్నార్రా. ఫోన్ రాకపోతే కాసేపు చూసి లోపలికి వెళ్ళిపోతున్నారు. ఒక్కరే చెయ్యమంటే చెయ్యరు" అంది. హాజరుపట్టీలో ఆ తొమ్మిది గడులూ ఖాళీ వదల్లేదు ఆయన. నా వరసలో తొమ్మిది ఆబ్సెంట్లు వేశారు. ఆయన వరసలో కూడా వేసుకున్నారు, మాస్టారు కదా.

ఆ రోజే ఆఫీసు క్యాలెండర్లో ఏడున్నర నుంచి ఎనిమిది దాకా 'డాక్టర్ అపాయింట్‌మెంట్' అని పెట్టేశాను, ప్రతిరోజూ, ముగింపు తేదీ లేకుండా. మా మేనేజరు ఒకసారి మొహమాటపడుతూ ఒంట్లో బావుందా అని అడిగాడు కూడా.

2023 డిసెంబరులో మూడు వారాలకి ఇండియా వెళ్ళాను. హైదరాబాద్‌లో నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో స్టాంపింగు పని చూసుకుని భీమవరం చేరాను. గిటారు పట్టుకెళ్ళలేదు. వీధి చివర చర్చిలో మా పాత స్నేహితుడు ఇప్పటికీ ఉన్నాడు, జుట్టు నెరిసింది, గిటారు మారింది. ఓ వారం అరువిచ్చాడు. నాన్నగారికి ఇష్టమని ఘంటసాల గారి పాత పాట ఒకటి రెండు నెలలుగా కష్టపడి నేర్చుకుని ఉన్నాను. వరండాలో కూర్చుని వాయించాను. ఆగకుండానే వాయించాను. ఆయన కళ్ళు మూసుకుని అంతా విని, "స్వరాలు వచ్చాయిరా, పాట రాలేదు" అన్నారు.

మొదట నొచ్చుకున్నాను గానీ ఆయన అన్నది నిజం. మన పాటలో స్వరం ఒక మెట్టు మీద నిలబడి ఉండదు, ఊగుతుంది, పక్క స్వరాన్ని తాకి వస్తుంది. గిటారు మెట్లేమో ఇక్కడ సా, ఇక్కడ రీ అని కొట్టినట్టు చెబుతాయి. ఒక్కో మెట్టూ నొక్కితే అక్షరాలు పలుకుతాయి, మాట పలకదు. మాకు పాతిక కిలోమీటర్లలోపే పాలకొల్లు. అక్కడ 1969లో పుట్టిన శ్రీనివాస్, మన మాండొలిన్ శ్రీనివాస్, అలాంటి మెట్ల వాయిద్యం మీదే కర్ణాటక సంగీతం అంతా పలికించాడు. 2014లో, 45 ఏళ్ళకే పోయాడు. "ఆ పిల్లవాడు వేలు ఎత్తేవాడు కాదురా, జార్చేవాడు" అన్నారు నాన్నగారు. ఆయనకి సంగీతం రాదు, వినడం వచ్చు. మర్నాటి నుంచి ఒకే తీగ మీద, వేలు ఎత్తకుండా, మెట్టు నుంచి మెట్టుకి జారుస్తూ ఆ పల్లవి ఒక్కటే సాధన చేశాను. మూడు వారాల్లో రెండు చోట్ల ఆయన తలాడించారు. నేనైతే లెక్కపెట్టుకున్నాను.

ఆ మూడు వారాలూ అయిదింటికి పక్కపక్కనే కూర్చుని చేశాం. వీడియోలో కనపడనివి దగ్గర్నుంచి చూస్తే కనపడ్డాయి. ఒక్కో గింజ తీసేటప్పుడు భుజం దాకా ఎంత బిగుసుకుపోతుందో, అయిదు నిమిషాలయ్యేసరికి చొక్కా వీపు ఎలా తడుస్తుందో. ఆ చొక్కా గుండీలు అమ్మే పెట్టేది. నేను అక్కడున్నన్నాళ్ళూ నేను పెట్టాను.

ఇప్పుడు ఆయన లెక్క 26. స్టీలు గ్లాసు ఎడమచేత్తో పట్టుకుంటారు, సగం నింపి ఇస్తే. గుండీలు కింద నుంచి మూడు పెట్టుకుంటారు, పైవి అమ్మ పెడుతుంది. చిటికెనవేలు ఇంకా మాట వినదు. అది ఇక రాకపోవచ్చని డాక్టరు చెప్పారు. ఆ మాట చెప్పిన రోజు కూడా అయిదింటికి పళ్ళెం ముందేసుకున్నారు.

నా లెక్క, సి నుంచి ఎఫ్ కి, 22. కానీ ఈ అంకె మీద మా ఇద్దరికీ తగాదా నడుస్తోంది. ఫోన్లో వింటూనే "ఆగు, రెండో తీగ ఠప్పంది. అది లెక్కలోకి రాదు" అంటారు. వినబడదులే అనుకుంటాను, వినబడుతుంది. పోయిన గురువారం హాజరుపట్టీలో నా 22 కొట్టేసి 17 వేశారు. గింజ గ్లాసు అంచుకి తగిలి బయట పడితే మీరు లెక్కేసుకోవట్లేదా అని అడిగితే, అది వేరే, ఇది వేరే అంటారు.

వచ్చే ఆదివారం మనకి గడియారాలు గంట వెనక్కి తిరుగుతాయి. మా ఏడున్నర అక్కడ ఆరవుతుంది. నాన్నగారు ఆరంటే ఒప్పుకోరు, ఆయనకి అయిదంటే అయిదే, బెల్లు కొట్టినట్టు. కాబట్టి సోమవారం నుంచి మార్చి దాకా పొద్దున్న ఆరున్నరకి ఎఫ్ కార్డ్. మా అపార్ట్‌మెంటులో కింది వాటాలో ఉన్న తెలుగువాళ్ళు కూడా ఈ రేడియో వింటారని తెలుసు. వాళ్ళకి ముందుగానే క్షమాపణలు చెప్పుకుంటూ, సెలవు తీసుకుంటాను. నమస్కారం.